ఆరో మిల్లీమీటరు

"పైన లిఫ్టు గేటు గడియ వేశావా, లేదా? ఆ ఒక్కటీ చెప్పు," అంది ఇన్‌స్పెక్టర్ ఉనైసి దవేతా.

"వేశాను మేడమ్. బైబిలు మీద చెయ్యేసి చెప్తాను."

"ఎన్నింటికి?"

"ఏడూ నలభై అయిదుకి. చివరి ట్రిప్పు పంపించి, నేనే మెట్లెక్కి వెళ్లి పెట్టెలు దింపుకున్నాను. గడియ పెట్టాను, గొలుసు తగిలించాను, కిందికొచ్చాను. అటునించి అటే ప్రార్థనకి పోయాను."

ఎమోరికి యాభై రెండేళ్లు. తలకిందులుగా పెట్టిన రంగు డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. ప్లాస్టిక్ తాడుతో కట్టేసిన రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. పసిఫిక్ దీవి మీది సవుసవు విశ్వవిద్యాలయం పరిశోధన గ్రంథాలయాన్ని పదహారు నెలలుగా తిరగ్గడుతున్నారు. ఆ పనిలో మొదటి రోజు నుంచీ ఉన్నవాడు ఎమోరి. కాంక్రీటు కలిపాడు, పాత చెక్కలు మోశాడు, ఈ వారమంతా పెట్టెలు పై అంతస్తుకి ఎక్కిస్తున్నాడు. ఈ బుధవారం ఉదయం తొమ్మిదీ నలభైకి పుస్తకాల లిఫ్టు తలుపు తెరిచింది కూడా అతనే.

లోపల మూడు పెట్టెలు కనిపించాయి. పొద్దున తాను పైకి పంపినవే, మళ్లీ కింద ఉన్నాయి. మధ్య పెట్టె మూత మీద చుక్కచుక్కగా నెత్తురు పడుతోంది. తల ఎత్తి చూశాడు. లిఫ్టు తొట్టికి కప్పుగా ఉన్న ఇనప వల మీద ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు. అతను వైసాకె. కొత్త కట్టడం ఎంత బరువు మొయ్యగలదో చూసే ఇంజినీరు. మెడ విరిగింది. అతని ఫోను ఎనిమిదీ పన్నెండుకి మూగబోయిందని ఫోను కంపెనీవాళ్లు చెప్పారు. డాక్టరు చెప్పిన సమయమూ అదే.

"నిన్న అతనితో పోట్లాడావట?"

"పోట్లాట కాదు మేడమ్. పెట్టెలు పైకి పంపకు అన్నాడు. రుతియానా మేడమ్ పంపమన్నారు, నేనేం చెయ్యను అన్నాను. ఆవిడతో నేను చెప్తాను, నువ్వు ఆపు అన్నాడు. ఆపితే నన్ను రేపట్నించి రావద్దంటారు అన్నాను. అంతే."

"ఎందుకు ఆపమన్నాడు?"

"చెప్పలేదు. గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ఒంట్లో బాలేదా అని కూడా అడిగాను. అయ్యో, పాపం..."

తలుపు తట్టకుండానే అపిసాయ్ లోపలికి వచ్చాడు. నాలుగేళ్ల కిందటి దాకా అతను పోలీసు సూపరింటెండెంటు. ఉనైసికి వేలిముద్రలు ఎత్తడం నేర్పింది అతనే. ఇప్పుడు ఈ విశ్వవిద్యాలయం భద్రతాధికారి.

"ఇంకా అవలేదా ఉనా? వీడు గడియ మర్చిపోయాడు, వాడు పడ్డాడు. నేనైతే ఇరవై నిమిషాల్లో కాగితం రాసేసేవాణ్ణి."

"రాసేశారుగా సార్. నేనొచ్చేసరికే ఇతని చేతులు కట్టేశారు. ఉద్యోగం మానేశారు కానీ అలవాటు మానలేదు."

"నోరు బాగా పెరిగింది."

"మీ దగ్గరే పెరిగింది."

అపిసాయ్ నవ్వలేదు. "ఎల్లుండి ప్రారంభోత్సవం. ఆస్ట్రేలియా వాళ్లు రేపు దిగుతున్నారు. నువ్విక్కడ రంగు డబ్బాల మధ్య కూర్చుని కబుర్లాడతావా?"

"ఒక్కటి చెప్పండి. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఇతనెక్కడున్నాడు?"

"గుడారంలో, ప్రార్థనలో. నా ముందు వరసలోనే."

"పాడాడా?"

"పాడటమేమిటి, గుడారం ఎగిరిపోయేట్టు అరిచాడు."

"అయితే ఈ మూడు పెట్టెల్నీ కిందికి పంపిందెవరు?"

అపిసాయ్ ఎమోరి వైపు చూశాడు.

"ఎమోరి వాటిని పైన దింపి ప్రార్థనకి పోయాడు. ఆ తరవాత ఎవరో గడియ తీసి, పెట్టెల్ని మళ్లీ లిఫ్టులో పెట్టి కిందికి పంపారు. అప్పటికి పైనున్నవాడు వైసాకె. కాబట్టి గేటు తెరిచింది అతనే. ఇతను గడియ వేశాడా, మర్చిపోయాడా అన్న ప్రశ్నే లేదిక."

"మంచిదే. తనే తీసి తనే పడ్డాడు. ప్రమాదం. రాసెయ్."

"నిన్న పెట్టెలు ఎక్కించొద్దన్న మనిషి, ఇవాళ అందరూ ప్రార్థనలో ఉండగా ఒక్కడే వచ్చి వాటిని దింపుతున్నాడు సార్. పైన ఏం చూశాడు? మీరు చూశారా పైన?"

"లిఫ్టు గది దగ్గర కాపలా పెట్టాను. పైన చూడ్డానికేముంది, కొత్త అలమారాలు తప్ప?"

"అంటే పై అంతస్తు పొద్దుట్నించీ తెరిచే ఉంది." ఉనైసి జేబులోంచి చాకు తీసి ఎమోరి చేతుల తాడు కోసింది. "నువ్వు బయట షెడ్డులో ఉండు. ఎక్కడికీ పోకు."

"నా ముందే విప్పుతున్నావా వాణ్ణి?" అపిసాయ్ మొహం కందగడ్డలా అయింది.

"మీరు కట్టింది మీ ముందు విప్పకపోతే బాగుండదని."

*

పదకొండూ అయిదుకి ఉనైసీ, సార్జెంట్ సుభాష్ నాయకరూ మెట్లెక్కారు. సుభాష్ బరువైన మనిషి. మధ్యలో ఆగి ఊపిరి తీసుకునే నెపంతో గోడకి అంటించిన నక్షాలు చూడసాగాడు. నక్షాల నిండా ఎర్ర సిరాతో గుండ్రటి అక్షరాలు. "ఇక్కడ కుర్చీలు వద్దు. పెద్దవాళ్లు చాప మీద కూర్చుని వింటారు." "ఈ గోడ గాజుది వద్దు. ఏడుపొచ్చినవాళ్లని బయటివాళ్లు చూడకూడదు." "పెట్టెలన్నీ పైనే. వరద నీళ్లు రెండుసార్లు చూశాం, చాలు."

"ఇవన్నీ రుతియానా మేడమ్ రాతలే," అన్నాడు సుభాష్. "ఈ గ్రంథాలయానికి పెద్దావిడ. తొమ్మిదేళ్లు ఆర్కిటెక్టుల్ని పీల్చి పిప్పి చేసిందట. పైన పాత చెక్క నేల ఉండేది. అది బరువు మొయ్యదని తీయించి కొత్త స్లాబు పోయించింది."

పైన పొడుగాటి గది. పట్టాల మీద నడిచే ఇనప అలమారాలు పద్నాలుగు, రెండు వరసల్లో, మధ్య మధ్య కాస్త ఖాళీతో నిలబడి ఉన్నాయి. చక్రం తిప్పితే అలమారా పక్కకి జరిగి దారి ఇస్తుంది. ప్రతి అలమారా నిండా పెట్టెలు. పసిఫిక్ దీవుల వృద్ధులు అరవై ఏళ్లుగా చెప్పిన మాటలు, పాడిన పాటలు, వంశావళులు, పడవ దారులు టేపుల మీద.

ఉనైసి చివరి అలమారా చక్రం తిప్పింది. జానెడు జరిగింది. చెయ్యి తీసేసింది.

అలమారా ఆగలేదు. దానంతటదే, నెమ్మదిగా, గది మధ్యకి నడుచుకుంటూ వెళ్లి పక్కదానికి తగిలి ఆగింది.

"గాలికా?" అన్నాడు సుభాష్.

"అర టన్ను ఇనుము గాలికి కదులుతుందా?" ఉనైసి గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఎదుటి వరస అలమారా తిప్పి చూసింది. అదీ మధ్యకే నడిచింది. నేల మధ్యలోకి కుంగి ఉంది.

అలమారా జరిగిన చోట వెనక గోడ కనిపించింది. గోడా నేలా కలిసే చోట నుంచి ఒక పగులు అడ్డంగా పాకుతోంది. దాని మీద అడ్డంగా అగ్గిపుల్లంత గాజుపలక అంటించి ఉంది. పగులు పెరుగుతోందో లేదో తెలుసుకోవడానికి ఇంజినీర్లు అంటించే పలక అది. మధ్యకి విరిగిపోయింది. పక్కన గోడ మీద పెన్సిలుతో గజిబిజి అంకెలు, పగులు వెడల్పు మిల్లీమీటర్లలో.

సోమ 8:00 - 1.5

సోమ 4:00 - 2

మంగళ 8:00 - 3

మంగళ 4:00 - 4

బుధ 7:50 - 5

వాటన్నిటి కిందా, రెండుసార్లు గీత గీసి: "6 వస్తే ఖాళీ. కింద ఎవరూ ఉండకూడదు."

"ఇందుకేనా పెట్టెలు దింపుతున్నాడు..." అంటూ సుభాష్ టార్చి దగ్గరికి తెచ్చాడు. "మేడమ్. ఇంకోటుంది ఇక్కడ."

బుధ 7:50కీ ఆ గీతలకీ మధ్య ఇరుకు చోటులో ఇంకొక వరస ఇరికించి రాసి ఉంది.

బుధ 10:30 - 5.5

ఉనైసి ఆ గంటని రెండుసార్లు చదివింది. వాచీ చూసుకుంది. పదకొండూ పది. వైసాకె చనిపోయి మూడు గంటలు. శవాన్ని తీసుకెళ్లింది పదీ ఇరవైకి. అంటే తను కింద ఎమోరిని అడుగుతూ ఉండగా, తన నెత్తి మీద ఈ నేల మీద ఎవరో మోకాళ్ల మీద కూర్చుని, చచ్చిపోయిన మనిషి లెక్కని కొనసాగించారు.

"దెయ్యాలు పెన్సిలు పట్టుకోవు కదా మేడమ్," అన్నాడు సుభాష్. నవ్వబోయి నవ్వలేకపోయాడు.

ఈ అంకెలు గజిబిజిగా లేవు. గుండ్రంగా, ఓపికగా ఉన్నాయి. అయిదు అంకె పొట్ట నిండుగా, దాని టోపీ విడిగా, ఒక చిన్న గీత. ఉనైసి మెల్లగా తల తిప్పి పక్క అలమారా వైపు చూసింది. పెట్టెల మీద, నక్షాల మీది గుండ్రటి చేతిరాతతోనే రాసిన చీటీలు. 1955. 1965. 515. ప్రతి అయిదుకీ అదే పొట్ట, అదే టోపీ.

"రుతియానా," అంది.

పగులు కొలిచే ప్లాస్టిక్ పలక అలమారా అంచు మీద పెట్టి ఉంది. దాన్ని పగులు మీద ఆనించింది. రెండోసారి ఆనించింది. ఆరు.

అప్పుడే కాళ్ల కింద నేల గుండెలా కొట్టుకుంది. ధన్, ధన్, ధన్. చెక్కపెట్టె మీద అరచేతుల దరువు. ఆ వెనకే కింద హాల్లోంచి పదుల గొంతులు ఒక్కసారిగా పాటెత్తుకున్నాయి.

"కింద మనుషులున్నారు," అంది ఉనైసి. "సుభాష్, కింద మనుషులున్నారు!"

*

కింద చదువుకునే హాలు నిండా చాపలు పరిచి ఉన్నాయి. రంబి దీవి నుంచి ప్రారంభోత్సవంలో నాట్యం చెయ్యడానికి వచ్చినవాళ్లు వరసలుగా కూర్చున్నారు. ముసలివాళ్లు గోడల వెంబడి, ఆడవాళ్లు ముందు, మధ్యలో దరువు పెట్టె. గుమ్మంలో అపిసాయ్ చేతులు కట్టుకుని పాట వింటున్నాడు.

"వీళ్లిక్కడికెలా వచ్చారు?" ఉనైసి అతని మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"నా తాళంతో. వాన చూడలేదా? గుడారం కారిపోతోంది. పదీ యాభైకి లోపలికి తెచ్చాను."

"శవం వెళ్లి గంట కాలేదు, ఆ గోడ అవతల్నించి!"

"వాళ్లకి చెప్పలేదులే. పండగకొచ్చినవాళ్లని ఎందుకు హడలగొట్టడం?"

"ఇప్పుడే ఖాళీ చేయించండి. పై స్లాబు పగిలింది. కూలిపోతుంది."

అపిసాయ్ ఆమె మొహంలోకి చూశాడు. "నిన్ననే ఇంజినీరు సంతకం పెట్టిన కట్టడం ఇది."

"ఆ ఇంజినీరే మార్చురీలో ఉన్నాడు. పెట్టింది అతని సంతకమేనని మీకెవరు చెప్పారు?"

"ఉనా, నీకు నామీద కోపముంటే..."

"సార్!" ఆమె గొంతు పగిలింది. "తప్పయితే రేపు నా టోపీ మీ కాళ్ల దగ్గర పెడతాను. ఇప్పుడు తప్పుకోండి."

ఆ గొంతు విని అపిసాయ్ తప్పుకున్నాడు. కానీ అరవై మందిని ఎలా కదిలించాలి? అరిస్తే ఒకరి మీద ఒకరు పడతారు. సగం మంది కర్రలు పట్టుకుని నడిచేవాళ్లు. తలుపు ఒక్కటే. ఆమె ఆలోచన తెగేలోపే సుభాష్ ముందుకెళ్లి రెండు చేతులూ చరిచాడు.

"అమ్మలూ, అయ్యలూ! కాంటీన్లో భోజనం వడ్డించేశారు! చేపల కూర చల్లారిపోతోంది! పెద్దవాళ్లు ముందు, పెద్దవాళ్లు ముందు! చాపలు ఇక్కడే వదిలెయ్యండి, మళ్లీ వస్తాంగా!"

పదకొండున్నర అయినా కాలేదు, ఇంత పెందరాళే భోజనమా అని ఎవరూ అడగలేదు. నవ్వుకుంటూ లేచారు. అపిసాయ్ ఒక ముసలాయన్ని చంకల కింద చెయ్యేసి లేపాడు. ఉనైసి గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెట్టింది. నలభై ఒకటి. నలభై రెండు. పైనుంచి సన్నటి సున్నం పొడి ఒక పిల్ల జడ మీద రాలింది. ఆ పిల్ల దులుపుకుని నవ్వింది. ఉనైసి నవ్వలేదు. అరవై. అరవై ఒకటి. ఎనభై ఏళ్ల ఒకావిడ చెప్పుల కోసం వెనక్కి తిరిగింది. "తరవాత పెద్దమ్మా, తరవాత," అంటూ ఉనైసి ఆమెని దాదాపు ఎత్తుకున్నట్టే బయటికి తెచ్చింది. అరవై మూడు.

అపిసాయ్ వాళ్లందర్నీ వానలో కాంటీను వైపు నడిపించుకుంటూ వెళ్లాడు. అప్పుడు పదకొండూ ముప్ఫై ఒకటి.

పదకొండూ ముప్ఫై ఎనిమిదికి కొండ విరిగినట్టు చప్పుడైంది.

ఉనైసి బయట నిలబడి కిటికీలోంచి చూసింది. పై స్లాబు నడుమ విరిగి, అలమారాలు ఒకదాని వెనక ఒకటి, పట్టాల మీదే నడుచుకుంటూ వచ్చి ఆ గోతిలోకి దూకాయి. చాపలున్న చోట ఇప్పుడు ఇనుమూ రాళ్లూ గుట్టగా పడ్డాయి. దుమ్ము కిటికీ ఊచల్లోంచి బయటికి తన్నుకొచ్చింది. ఎక్కడో టేపు చుట్టలు ఊడి రాళ్ల మీద దొర్లుతున్నాయి.

సుభాష్ తడిసిన మెట్టు మీద కూలబడ్డాడు. "ఏడు నిమిషాలు," అన్నాడు. "ఏడు నిమిషాలు మేడమ్. నేను చేపల కూర అన్నాను..." అంత పెద్ద మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆఫీసు భవనం వైపు నుంచి ఒకావిడ వానలో గొడుగు లేకుండా పరిగెత్తుకొస్తోంది. తెల్ల జుట్టు ముడి ఊడిపోయింది. ఒక కాలికి చెప్పు లేదు. వచ్చీ రాగానే ఉనైసి భుజాలు రెండూ పట్టుకుంది.

"హాల్లోకి వాళ్లనెవరు రానిచ్చారు? తాళం వేశాను నేను! ఎవరు రానిచ్చారు? మా పెద్దమ్మ ఉందా లోపల?"

"అందరూ బయటికొచ్చేశారు. మీ పెద్దమ్మ కూడా. నేనే లెక్కపెట్టాను."

ఆమె ఉనైసి భుజాలు వదిలేసి కాంటీను వైపు చూసింది.

"మిగతా వాళ్లంతా వచ్చి ఏమైంది అని అడుగుతున్నారు డాక్టర్ రుతియానా," అంది ఉనైసి మెల్లగా. "మీరొక్కరే ఎవరు రానిచ్చారు అని అడిగారు."

*

సైకిళ్ల షెడ్డులో బెంచీ మీద కూర్చోబెట్టారు. రుతియానా దేన్నీ కాదనలేదు, వైసాకె పేరుతో పెట్టిన సంతకంతో సహా.

"ఎనిమిదీ అయిదుకి పైకెళ్లాను. వైసాకె పెట్టెలు దింపుతున్నాడు. నిన్న కూడా పగులు చూపించాడు. శుక్రవారం దాకా ఆగమన్నాను. ఆస్ట్రేలియా వాళ్లు వచ్చి, పెట్టెలు సర్దిన గది చూసి సంతకం పెడితే అవి ఇక్కడే ఉంటాయి. లేకపోతే వాళ్ల దేశం తీసుకుపోయి పాతికేళ్లు వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు. సంతకమైన గంటలో నేనే అన్నీ దించేస్తానన్నాను. సభ గుడారంలోనే. హాలు తాళం నా దగ్గరుంది. కింద ఎవరూ ఉండరు. ఎవరికీ ఏమీ కాదు. అలా అనుకున్నాను."

"అంత మాత్రానికి పడిపోయే కప్పు కింద..."

"మాది బనబా దీవి, తెలుసా మీకు? ఎరువు కోసం మా మట్టి తవ్వి ఓడలకెత్తారు. మట్టి అయిపోయాక మనుషుల్ని ఓడలకెత్తి రంబికి తెచ్చి పడేశారు. ఇంక మిగిలింది ఆ గొంతులే. మా అమ్మమ్మ గొంతు ఉంది వాటిల్లో. ఏ బావి ఎవరిదో, ఏ రాయి పేరేమిటో చెప్తుంది. ఆ బావి లేదు, రాయి లేదు. గొంతుని కూడా ఓడ ఎక్కించమంటారా?"

ఉనైసి బెంచీ అంచున కూర్చుంది.

"అతను ఫోను తీశాడు. లాక్కోబోయాను. వెనక్కి జరిగాడు. గేటు తెరిచి ఉంది. నేను తొయ్యలేదు." ఆమె తన కుడి అరచేతిని చూసుకుంది. "తోశానేమో. నా చేతికి చొక్కా గుండీ తగిలింది. అంతవరకే తెలుసు."

"తరవాత?"

"ప్రార్థనకి వెళ్లాను. వాక్యం చదవడం నా వంతు. చదివాను."

సుభాష్ రాస్తున్న పెన్ను ఆగిపోయింది.

"పదిన్నరకి మళ్లీ పైకెందుకు వెళ్లారు?"

"ఆరు వస్తే చెప్పేద్దామని."

పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఉనైసి హంతకులు ఏడవడం చూసింది, నవ్వడం చూసింది, నిద్రపోవడం కూడా చూసింది. ఒక మనిషి చావుకీ, ఆ మాట ఒప్పుకోవడానికీ మధ్య అర మిల్లీమీటరు దూరం పెట్టుకుని కూర్చున్నవాళ్లని చూడలేదు. కోపం రావాలి. రావడం లేదు.

"అతను ముందుగా దింపిన మూడు పెట్టెలు ఏవో తెలుసా మీకు?" అంది.

రుతియానా తలెత్తింది.

"రంబి పెట్టెలు. మీ వాళ్లవి. అవి లిఫ్టు గదిలో భద్రంగా ఉన్నాయి. తక్కినవన్నీ వదిలేసి ముందు వాటినే తీశాడు. మీ కోసం అనుకుంటాను."

ఆమె నోటి నుంచి వచ్చింది ఏడుపు కాదు. ఊపిరి లోపలికి వెళ్లి బయటికి రాని చప్పుడు. ఉనైసి తన కోటు తీసి ఆమె మీద కప్పింది.

"అతను చివరిగా ఏమన్నాడు?"

"మతి చెడినట్టు మాట్లాడాడు. 'ఇక్కడ కాదు మేడమ్, ముందు అక్కడ. ఇప్పుడే చూసొస్తున్నాను. రెండొందల మంది పడుకుంటారు' అన్నాడు. గ్రంథాలయంలో ఎవరు పడుకుంటారు? మూడు రాత్రులు నిద్రలేదు, అందుకే అలా అంటున్నాడనుకున్నాను."

"ముందు అక్కడ," అంది ఉనైసి. "ఎక్కడ?"

షెడ్డు చివర గోనెసంచి కప్పుకుని నిలబడ్డ ఎమోరి రెండడుగులు ముందుకొచ్చాడు. అతని చేతిలో గుమ్మం దగ్గర ఎగిరిపడ్డ స్లాబు ముక్క ఉంది. వేళ్లతో నలిపాడు. అటుకుల్లా రాలింది. మధ్యలోంచి చిటికెన గోరంత తెల్లటి గవ్వ ఒకటి బయటపడింది.

"ఇది ఏటి ఇసుక కాదు మేడమ్. సముద్రపొడ్డుది. అప్పుడు వానలకి ఏటి దగ్గరికి లారీ పోలేదు. ఒడ్డుది తెచ్చి కలపమన్నాడు కాంట్రాక్టరు. కడగలేదు. ఉప్పు ఉప్పుగానే కలిపాం. సిమెంటు కూడా సగమే. నేనే కలిపాను." గవ్వని అరచేతిలో పెట్టి చూపించాడు. "నిన్న ఆయన గోడకేసి చూస్తుంటే నాకు తెలియాల్సింది."

"ఈ స్లాబు ఒక్కటేనా, ఇంకేమైనా పోశారా దాంతో?"

"ఆ వారం రెండు పోశాం. ముందు అక్కడ, తరవాత ఇక్కడ. ఒకటే కుప్ప."

"అక్కడంటే ఎక్కడయ్యా!"

ఎమోరి వానలోకి చెయ్యి చాపాడు. కొండ వాలు మీద, మూడొందల గజాల దూరంలో, లేత నీలం రంగు వేసిన రెండంతస్తుల భవనం. కొత్త ఆడపిల్లల హాస్టలు.

ఉనైసి లేచి నిలబడింది. సరిగ్గా అప్పుడే అటువైపు నుంచే అపిసాయ్ వస్తున్నాడు. నిలువునా తడిశాడు. కూలిన గోడకేసి ఒకసారి చూసి, ఆమె ఎదుట ఆగి, తన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నువ్వే నెగ్గావు ఉనా. నేను అడ్డం నిలబడి ఉంటే..." రాళ్ల గుట్ట వైపు మళ్లీ చూశాడు. "అరవై మూడు మందిని చంపేసేవాణ్ణి."

"వాళ్లెక్కడున్నారు సార్?"

"నీ సార్జెంటు చెప్పిన భోజనం ఎక్కడుంది? కాంటీనుకి తాళం. వానలో నిలబెడతానా ముసలివాళ్లని? కొత్త హాస్టలు కింద హాల్లో కూర్చోబెట్టాను. పరీక్షల వారం కదా, పిల్లలంతా పైన గదుల్లోనే ఉన్నారు. పాపం, వీళ్ల కోసమని మంచాలూ పరుపులూ కూడా ఆ హాలు పైనున్న గదిలోకి మోసి సర్దుతున్నారు, ముసలివాళ్లు నడుం వాల్చడానికి..."

మాట మధ్యలో అతను ఆగిపోయాడు. నలుగురి మొహాలూ చూశాడు. ఎమోరి అరచేతిలో ఉన్న గవ్వని చూశాడు.

"ఏమిటి?" అన్నాడు. "ఏమైంది? ఎవరైనా చెప్పండి!"

జవాబు చెప్పడానికి ఎవరూ ఆగలేదు. ఉనైసి బురదలోకి దూకింది. ఆమె వెనక సుభాష్, ఎమోరి. కానీ అందరికంటే ముందు, భుజాల మీద పోలీసు కోటు ఎగిరి పడిపోతున్నా లెక్కచెయ్యకుండా, ఒంటి కాలి చెప్పుతో కొండ వాలు ఎక్కుతూ రుతియానా పరిగెత్తుతోంది. సంకెళ్లు వెయ్యాల్సిన మనిషి చేతికందే దూరం దాటిపోతుంటే ఉనైసి ఆపలేదు.

"ఇంకా జోరుగా," అని అరిచింది. "ఇంకా జోరుగా పరిగెత్తండి!"